బ్రేకు మీద గెలిచే పందెం

ఓవల్ ట్రాకుల మీద రాటుదేలిన నాస్కార్ డ్రైవర్లు రోడ్ కోర్సుకు వచ్చేసరికి ఎందుకు తడబడతారు? ఎవరు నిలబడతారు? ఎందుకు?

2023 జులై 2, ఆదివారం. షికాగో నడిబొడ్డున గ్రాంట్ పార్కు చుట్టూ రోజూ బస్సులూ టాక్సీలూ తిరిగే వీధులకు అటూ ఇటూ కాంక్రీటు దిమ్మెలు పేర్చి 3.5 కిలోమీటర్ల పందెం బాట కట్టారు. అమెరికా కారు పందేల సంస్థ నాస్కార్‌కు అగ్రశ్రేణి పోటీ అయిన కప్ సిరీస్ నగర వీధుల్లోకి రావడం అదే మొదటిసారి. ఆ రోజు కుండపోత వాన. పందెం ఆలస్యంగా మొదలైంది. చీకటి పడుతుందని 100 ల్యాపులను మధ్యలో 75కు కుదించారు. తడిసిన వీధుల్లో మహామహులు గోడలకు గుద్దుకుంటున్నారు, జారిపోయి టైర్ల గుట్టల్లో ఇరుక్కుంటున్నారు.

వాళ్ల మధ్యలోంచి 91వ నంబరు కారు ఒకటి, ఆ వీధుల్లోనే పుట్టి పెరిగినట్టు దూసుకొచ్చింది. అందులో ఉన్నది న్యూజిలాండ్‌కు చెందిన షేన్ వాన్ గిస్బర్గెన్. ఆస్ట్రేలియా సూపర్‌కార్స్‌లో మూడుసార్లు చాంపియన్. కప్ సిరీస్‌లో మాత్రం అదే అతని తొలి పందెం. ల్యాపులు కుదించడంతో లెక్కలు తారుమారై వెనకబడ్డాడు. అయినా ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి, చివర్లో జస్టిన్ హేలీని కూడా దాటి గెలిచాడు. కప్ సిరీస్‌లో తొలి పందెంలోనే గెలవడం 1963లో జానీ రూథర్‌ఫర్డ్ తర్వాత అదే.

అమెరికా బయటి నుంచి వచ్చిన మనిషి, ముందెప్పుడూ పోటీపడని కారులో, ఆ కార్లనే వృత్తిగా చేసుకున్న వాళ్లందరినీ ఒక్క సాయంత్రంలో ఓడించాడు. దాంతో పాత ఎత్తిపొడుపు మళ్లీ వినిపించింది: నాస్కార్ వాళ్లకు ఎడమవైపు తిరగడం తప్ప ఇంకేం రాదని. అది అన్యాయమైన మాట. ఓవల్ పందెం ఎంత కష్టమో తెలియక అనే మాట.

డేటోనా ట్రాకు సంగతే తీసుకోండి. మలుపుల్లో రోడ్డు 31 డిగ్రీల వాలుతో గోడలా లేచి ఉంటుంది. ఆ వాలే కారును పట్టి నిలుపుతుంది కనుక యాక్సిలరేటర్ మీంచి కాలు తీసే అవసరం దాదాపు ఉండదు. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో ముందు కారుకు, వెనక కారుకు, పక్క కారుకు మధ్య జానెడు సందు. ముందు కారు గాలిని చీలుస్తుంటే ఆ చాటున వెళ్తూ, ఎప్పుడు పక్కకు జరగాలో, ఎవరిని నమ్మి వెంట వెళ్లాలో క్షణక్షణం తేల్చుకోవాలి. చిన్న ఓవల్ ట్రాకుల్లో కష్టం ఇంకో రకం. వందల ల్యాపుల పాటు కుడివైపు టైర్లు అరుగుతూ పోతుంటే, ఆ అరుగుదలను నడుముతో పసిగట్టి కారును కాపాడుకోవాలి. అక్కడ కారును కూడా ఎడమ మలుపు కోసమే సిద్ధం చేస్తారు. బరువు ఎడమవైపు ఎక్కువ ఉండేట్టు చూస్తారు, రెండు వైపులా టైర్ల కొలతలో తేడా పెడతారు.

రోడ్ కోర్సుకు వస్తే ఈ ఏర్పాట్లేవీ పనికిరావు. కుడి ఎడమలు రెండూ ఉంటాయి, ఎత్తుపల్లాలు ఉంటాయి, మలుపులు చాలావరకు వాలు లేకుండా చదునుగా ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రతి ల్యాపులో పదేపదే గట్టిగా బ్రేకు తొక్కాలి. చూసేవాళ్లు స్టీరింగ్ తిప్పడం దగ్గరే తేడా ఉందనుకుంటారు. నిజానికి పందెం తేలేది స్టీరింగ్ తిప్పకముందే, బ్రేకు దగ్గర.

న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్‌లో మొదటి మలుపు చూడండి. నేరుగా వచ్చే దారి పల్లానికి దిగి, ఒక్కసారిగా కుడికి తిరుగుతుంది. నాస్కార్‌లో నడిపే స్టాక్ కారు బరువు డ్రైవరూ ఇంధనమూ కాకుండానే 1,450 కిలోలు. ఫార్ములా వన్ కారుతో పోలిస్తే సుమారు రెండింతలు. అరకు ఘాట్‌లో బరువుతో దిగే లారీ డ్రైవరుకు ఈ కష్టం బాగా తెలుసు. బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. గేరు దించి ఇంజనుతోనూ వేగాన్ని అణచాలి. స్టాక్ కారు డ్రైవరు చేసేదీ అదే. కాకపోతే, పక్కనున్నవాడు తనకన్నా రెండు మీటర్లు ఆలస్యంగా బ్రేకు తొక్కి లోపలికి దూరబోతున్నాడని తెలిసి చేస్తాడు.

పాత తరం కార్లలో ఇది మరీ ప్రమాదం. వెనక చక్రాలు రెండూ ఒకే గట్టి యాక్సిల్‌కు బిగించి ఉండేవి. బ్రేకు మీద ఉండగా గేరు తొందరపడి దించితే వెనక చక్రాలు రోడ్డును పట్టుకోలేక టపటపా ఎగిరేవి. ఆపై కారు గిర్రున తిరిగిపోవడమే. అందుకే కుడి పాదం ముందు భాగంతో బ్రేకు నొక్కుతూ, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి, ఇంజను వేగాన్ని కింది గేరుకు సరిపెట్టాలి. ఎడమ కాలు క్లచ్ మీద. ఇదంతా సెకనులోపే జరగాలి, ల్యాపుకు ఎన్నోసార్లు జరగాలి, మూడు గంటల పాటు జరగాలి.

2022లో వచ్చిన కొత్త తరం కారు ఈ చిక్కును చాలావరకు తగ్గించింది. వెనక చక్రాలకు వేటి సస్పెన్షన్ వాటికి ఇచ్చారు. లివరును ముందుకూ వెనక్కీ ఆడిస్తే వరసగా మారే అయిదు గేర్లు, పెద్ద చక్రాలు, పెద్ద బ్రేకులు వచ్చాయి. ఇప్పుడు క్లచ్ తొక్కకుండానే గేరు దించవచ్చు, ఎడమ కాలితోనే బ్రేకు వేయవచ్చు. నాస్కార్ డ్రైవర్లలో ఎక్కువమంది ఆ పద్ధతికే మారారు. వాన్ గిస్బర్గెన్ మాత్రం కొత్త కారులోనూ పాత పద్ధతి వదల్లేదు. ఎడమ కాలు క్లచ్ మీద, కుడి కాలితో బ్రేకు, అదే కాలితో యాక్సిలరేటర్ మీద తట్టు. ఎన్నో ఏళ్లుగా అతని పాదాలకు పట్టుబడ్డ విద్య అది. దానివల్ల బ్రేకు చివరి దశలో కారు కుదుపు లేకుండా మలుపులోకి దిగుతుంది, వెనక టైర్లు తక్కువ నలుగుతాయి. ఈ కారు అతనికి సూపర్‌కార్స్‌లో నడిపినదానికి దగ్గరి చుట్టం కావడం కూడా కలిసొచ్చింది. ఏ డ్రైవరు ఎక్కడ ఎంత బ్రేకు తొక్కాడో చూపే లెక్కలు ఇప్పుడు అన్ని జట్లకూ అందుతాయి. అయినా చూసినంత మాత్రాన పాదాలకు ఆ విద్య రాదు.

నాస్కార్‌కు రోడ్ కోర్సులు కొత్తవేం కావు. 1954లోనే న్యూజెర్సీలోని లిండెన్ విమానాశ్రయం రన్‌వేల మీద పందెం పెడితే అల్ కెల్లర్ జాగ్వార్ కారుతో గెలిచాడు. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో డాన్ గర్నీ 1963 నుంచి 1968 లోపు అయిదుసార్లు గెలిచాడు. గర్నీ ఫార్ములా వన్ మనిషి. అప్పట్లోనే ఒక సంగతి తేలిపోయింది: ఈ విద్య వచ్చినవాడు ఏడాదికి ఒక్కసారి వచ్చినా ఇక్కడివాళ్లను ఓడించగలడని.

ఆ తర్వాత చాలాకాలం ఏడాదికి రెండే రోడ్ కోర్సు పందేలు ఉండేవి, సొనోమా, వాట్కిన్స్ గ్లెన్. ముప్ఫైకి పైగా పందేల్లో రెండింటి కోసం ఎవరు ఒళ్లు వంచి సాధన చేస్తారు? నష్టం లేకుండా బయటపడితే చాలనుకున్నవాళ్లే ఎక్కువ. కొన్ని జట్లు ఆ రెండు వారాలకు రాన్ ఫెలోస్, బోరిస్ సెడ్ లాంటి రోడ్ కోర్సు నిపుణులను అద్దెకు తెచ్చుకునేవి. వాళ్లను రింగర్లు అనేవారు. ఫెలోస్ వాట్కిన్స్ గ్లెన్‌లో 1999లోనూ 2004లోనూ రెండో స్థానం దాకా వచ్చాడు. గెలుపు మాత్రం దక్కలేదు. వాళ్లకు చాలాసార్లు రెండో శ్రేణి కార్లే దొరికేవి. పైగా నాస్కార్‌లో పసుపు జెండా తర్వాత పందెం మళ్లీ మొదలైన ప్రతిసారీ ముప్ఫై కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ మొదటి మలుపులో పడతాయి. ఆ తోపులాటలో నెగ్గుకురావడం వేరే విద్య.

ఓవల్ మనుషులకు రోడ్ కోర్సు రాదనేవాళ్లకు నేను చెప్పే పేరు డేల్ ఎర్న్‌హార్ట్. 76 విజయాల్లో అతనికి రోడ్ కోర్సులో దక్కింది ఒక్కటే, 1995లో సొనోమాలో. అంకె చూసి తీసిపారేయకండి. మరుసటి ఏడాది జులై చివర్లో టాలడేగాలో ఘోర ప్రమాదం జరిగి అతని కాలర్‌బోన్ విరిగింది. రెండు వారాలకే వాట్కిన్స్ గ్లెన్‌కు వచ్చాడు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ప్రాణం పోయేంత నొప్పి. అయినా అర్హత పోటీలో అందరికన్నా వేగంగా తిరిగి మొదటి స్థానం నుంచి బయల్దేరాడు, చాలాసేపు ముందున్నాడు, చివరికి ఆరో స్థానంలో ముగించాడు. గెలిచింది జెఫ్ బోడిన్. నాకు మాత్రం ఆ రోజు ఆరో స్థానమే రోడ్ కోర్సు చరిత్రలో గొప్ప ప్రదర్శనల్లో ఒకటి.

ఎర్న్‌హార్ట్ తర్వాతి తరం ఈ విద్యను పట్టుదలగా నేర్చింది. జెఫ్ గోర్డన్ 1997 నుంచి 2000 మధ్య వరసగా ఆరు రోడ్ కోర్సు పందేలు గెలిచాడు. మొత్తం తొమ్మిది. టోనీ స్టీవర్ట్‌కు ఎనిమిది, వాటిలో చివరిది 2016లో సొనోమాలో, ఆఖరి ల్యాపు ఆఖరి హెయిర్‌పిన్ మలుపులో డెనీ హామ్లిన్‌ను పక్కకు నెట్టి తీసుకున్నది. వీళ్లిద్దరూ మట్టి ట్రాకుల మీద తేలికపాటి ఓవల్ కార్లతో ఎదిగినవాళ్లే. కారు వెనక భాగం జారుతుంటే బెదరకపోవడం వాళ్లకు అక్కడే అలవాటైంది. ఈ తరంలో కైల్ లార్సన్, క్రిస్టఫర్ బెల్ అదే దారిలో వచ్చారు. చేజ్ ఎలియట్ ఏడు రోడ్ కోర్సు విజయాలు సాధించాడు. 2019లో షార్లెట్‌లో, ఓవల్‌నూ లోపలి దారినీ కలిపి చేసిన ట్రాకు మీద, మొదటి మలుపులో నేరుగా టైర్ల గోడను ఢీకొట్టి, తేరుకుని, ఆ పందెమే గెలిచాడు.

2021లో నాస్కార్ ఏకంగా ఏడు రోడ్ కోర్సు పందేలు పెట్టడంతో లెక్క మారింది. చాంపియన్ కావాలనుకునేవాడు వీటిని పక్కన పెట్టే వీల్లేకపోయింది. బయటివాళ్లూ ఆసక్తిగా రావడం మొదలుపెట్టారు. కానీ పేరు గొప్పదైతే చాలదు. 2023లో ఆస్టిన్‌లో ఫార్ములా వన్ మాజీ ప్రపంచ చాంపియన్లు జెన్సన్ బటన్, కిమి రైకోనెన్ ఇద్దరూ దిగారు. బటన్ 18వ స్థానంలో, రైకోనెన్ 29వ స్థానంలో ముగించారు.

ఇక 2025. వాన్ గిస్బర్గెన్ మెక్సికో సిటీలో 16 సెకన్లకు పైగా తేడాతో గెలిచాడు. తర్వాత షికాగో, సొనోమా, వాట్కిన్స్ గ్లెన్, షార్లెట్. పూర్తికాలం ఆడిన తొలి ఏడాదిలోనే అయిదు విజయాలు, అయిదూ రోడ్, వీధి ట్రాకుల మీదే. ఓవల్ ట్రాకుల మీద మాత్రం ఏడాదంతా ఎక్కువగా వెనక వరసల్లోనే కనిపించాడు. చాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌లో, ఓవల్ పందేలు జరిగిన తొలి అంచెలోనే బయటికొచ్చాడు. ఇది అతనొక్కడి కథ కాదు. అతనిలాగే బయటి నుంచి వచ్చిన హువాన్ పాబ్లో మోంటోయా రెండు కప్ విజయాలూ, మార్కస్ ఆంబ్రోస్ రెండు విజయాలూ రోడ్ కోర్సుల మీదివే.

కనుక న్యాయంగా తూకం వేయాలి. ఓవల్ మీద పెరిగినవాళ్లకు బ్రేకు విద్య ఎంత కష్టమో, రోడ్ కోర్సు మీద పెరిగినవాళ్లకు వాలు గోడల విద్య అంతే కష్టం. తేడా ఎక్కడుందంటే, సంవత్సరంలో ఎక్కువ పందేలు ఓవల్ మీదే కనుక వాన్ గిస్బర్గెన్ అవమానాన్ని ప్రతి వారం దిగమింగి నేర్చుకోక తప్పదు. మిగతావాళ్లకు ఆ ఇబ్బంది ఏడాదిలో కొన్ని వారాలే. అయినా వాళ్లూ నేర్చుకుంటున్నారు. 2024లో వాట్కిన్స్ గ్లెన్ ఆఖరి ల్యాపులో వాన్ గిస్బర్గెన్ చిన్న తప్పు చేసేసరికి టెక్సాస్ డ్రైవరు క్రిస్ బుషర్ అతన్ని దాటి గెలిచాడు. మెక్సికోలోనూ, 2025 వాట్కిన్స్ గ్లెన్‌లోనూ రెండో స్థానం బెల్‌ది. ఈ ఆటలో సంపూర్ణ డ్రైవరు ఎవరని అడిగితే నా ఓటు గోర్డన్‌కూ స్టీవర్ట్‌కూ, ఈ కాలంలో లార్సన్‌కూ. రెండు విద్యలూ వచ్చినవాళ్లు వాళ్లే.

మన దేశం నుంచి ఈ లోకంలోకి తొంగిచూసినవాడు కోయంబత్తూరుకు చెందిన నరైన్ కార్తికేయన్. 2010లో నాస్కార్ ట్రక్ సిరీస్‌లో, అదీ ఓవల్ ట్రాకుల మీద, పోటీపడి అభిమానుల ఓట్లతో ఆ ఏటి ఆదరణ అవార్డు కూడా గెలుచుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం చూసిన హైదరాబాదీలకు వీధి ట్రాకు ఎంత ఇరుకో, గోడ ఎంత దగ్గరో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఆస్టిన్‌లోనో, సొనోమాకు దగ్గర్లోని బే ఏరియాలోనో ఉంటున్న తెలుగువాళ్లకు ఒక మాట. పందేనికి వెళ్తే గెలుపు గీత ఎదురుగా సీటు కొనకండి. ఆస్టిన్‌లో ఎత్తు మీద ఉండే మొదటి మలుపు దగ్గర, సొనోమాలో పదకొండో మలుపు హెయిర్‌పిన్ దగ్గర కూర్చోండి. పది ల్యాపుల పాటు ఒకే కారును చూడండి. దాని ముక్కు ఎక్కడ కిందికి వంగుతోందో, అది ప్రతిసారీ అదే చోటో కాదో గమనించండి. ఆ చోటు మారనివాడే ఆ సాయంత్రం ముందు వరసలో ఉంటాడు.