కదలెడి నేల, మారని దూరము

ఆమదాలవలస స్టేషనులో రైలు దిగి శ్రీకాకుళము బస్సుకొరకు వేచియుండు ప్రయాణికుని పాదముల క్రింది నేల, పట్టాలతోను, ఆవలి నాగావళితోను సహా, ఏటికి సుమారు అయిదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యదిశకు జరుగుచున్నదనిన, అతడు నవ్వవచ్చును గాని, మాట సత్యమే. 1862లో మహాత్రికోణమితి సర్వేవారు విశాఖపట్టణము చెంత ఆధారరేఖ కొలిచిన నాటినుండి నేటికి ఈ తీరము ఎనిమిది మీటర్లు తరలినది. అయినను విశాఖకును ఆమదాలవలసకును గల దూరము మారినట్లు ఎవరికిని తోచలేదు. ఒకే పెట్టెలో కూర్చున్నవారు రైలు ఎంత పరుగెత్తినను ఒకరికొకరు దూరము కారు గదా. భూకంపశాస్త్రజ్ఞునకు కావలసినది పరుగు కాదు, రెండు బిందువుల పరుగులలోని భేదము.

ఆ భేదమును పట్టుటకు జి.పి.ఎస్. గ్రాహకములను వాడుదురు. ఇరువదివేల కిలోమీటర్లకు పైయెత్తున తిరుగు ఉపగ్రహములు పరమాణు గడియారములు చూచుకొని పంపు రేడియో తరంగము నేలకు చేరుటకు పట్టిన కాలమే దూరమునకు కొలత. సెకనులో శతకోట్యంశము తప్పిన ముప్పది సెంటీమీటర్లు తప్పినట్లే. చేతి ఫోను త్రోవ చూపుటలో నాలుగు మీటర్లు తడబడినను మనము సహింతుము. ఇచ్చట మిల్లీమీటర్ల పట్టింపు. అందుచే పందొమ్మిది సెంటీమీటర్ల తరంగములోని అల్పాంశమును సైతము లెక్కించి, అయనావరణము కలిగించు ఆలస్యమును రెండు పౌనఃపున్యములతో సరిచేసి, గాలిలోని తేమకు వేరుగా దిద్దుబాటు చేసి, దినదినము వచ్చిన స్థానములను ఏండ్ల తరబడి ఒక గీతపై పేర్చిన గాని ఆ నేల నిజమైన వేగము తేలదు.

గ్రాహకమును నిలుపు చోటును ముఖ్యమే. మన తూర్పుకనుమల ఖొండలైటు శిల పైపొర శిథిలమై ఎఱ్ఱమట్టియగును. వరిమళ్ల ఒండ్రుమట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంగును. వానిపై దిమ్మె కట్టిన, శిలలలోని చీలికయగు భ్రంశపు కదలికకు మారుగా నీటి రాకపోకలే కొలుతుము. కావున మట్టి త్రవ్వి, గట్టిరాతిలో దిమ్మెను పాతుదురు.

హిమాలయపు భ్రంశములు పైభాగమున బిగిసియున్నందున, అచ్చట ఏటేటా రమారమి రెండు సెంటీమీటర్ల కుదింపు శిలలలో వంపుగా నిలువచేరుచున్నది. ఇట్టి వంపు ఒక్కసారి విడివడుటయే భూకంపమని, 1906 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ఉపద్రవమును పరిశీలించి భూభౌతికశాస్త్రజ్ఞుడు రీడ్ 1910లో వివరించెను. మన ద్వీపకల్పమున రెండు బిందువుల పరుగులలోని భేదము కొలతకు లొంగనంత స్వల్పము. కాని 1917లో విజయనగర ప్రాంతము, 1969 ఏప్రిల్ 13న భద్రాచలము, 1993 సెప్టెంబరు 30న లాతూరు కంపించినవి. గీత చదునుగా నున్నంత మాత్రమున అభయపత్రము దొరికినట్లు భావించువారును, ప్రకంపన వచ్చిన ప్రతిసారియు జి.పి.ఎస్. గ్రాహకమును జోస్యమడుగువారును సమానముగా పొరబడుచున్నారని నా యభిప్రాయము.

జోస్యము చెప్పకున్నను, జరిగిన కదలికను గ్రాహకము దూరమునుండియు పట్టగలదు. 2004 డిసెంబరు 26న సుమత్రా తీరమున మొదలైన భ్రంశపు చీలిక ఉత్తరముగా అండమానుల దాక సాగినప్పుడు, పోర్టుబ్లెయిరు మీటర్లలో జరిగి, సుమారు మీటరు లోతు క్రుంగినది. హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలోని గ్రాహకము సైతము తూర్పునకు కొన్ని మిల్లీమీటర్లు జరిగినట్లు లెక్కలలో తేలినది.