నూగు రాలిన తరువాత

పిల్లికి వెల కట్టే రోజులు నిజామాబాదుకు కూడా వచ్చినవి. ఒకప్పుడు పిల్లిపిల్ల కావలసినవారు పక్కింటి అటక మీద పిల్లి ఈనిందా అని వాకబు చేసేవారు. కూనలు కళ్ళు తెరిచి, గిన్నెలో పాలు నాకడం నేర్చిన తరువాత ఒకదానిని సంచిలో వేసుకుని తెచ్చుకునేవారు. ఇచ్చిపుచ్చుకునే ప్రసక్తి లేదు. మహా అయితే, నెల తరువాత "ఎలుకలు తగ్గినవా?" అని ఆ ఇంటివారు అడిగితే, "తగ్గినవి" అని చెప్పడమే వెల. ఇప్పుడు ఫోనులో దూదిపింజె వంటి కూన బొమ్మ కనిపిస్తుంది. దాని కింద "పర్షియన్" అనే మాట, దాని కింద వేలల్లో ధర. పిల్లలు మారాం చేస్తారు. తల్లి మొదట కాదంటుంది, తరువాత ఊరుకుంటుంది. పిసినారిని "పిల్లికి బిచ్చం పెట్టనివాడు" అని వర్ణించే భాష మనది. ఆ పిల్లి కోసమే కన్నతండ్రి జీతంలోంచి వేలు తీసి ఇచ్చే కాలమిది.

ఇంతవరకు తప్పుపట్టవలసింది లేదు. చిక్కంతా నాలుగో నెలలో మొదలవుతుంది.

మా కాలనీలో ఒక ఇంట ఇలాగే ఒక కూన వచ్చింది. రెండు నెలల వయస్సు, బూడిదరంగు, అరచేతిలో పట్టుకుంటే వేళ్ళు కనిపించనంత బొచ్చు. దసరా నాటికి ఆ బొచ్చు ఏమయిందో తెలియదు. ఒళ్ళు నున్నగా తేలి, కాళ్ళు పొడుగు సాగి, గోడ మీద నడిచే ఏ పిల్లికీ దీనికీ భేదం లేకుండా పోయింది. చూడవచ్చిన చుట్టం ఒకాయన కళ్ళజోడు సవరించుకుని, "గిది పర్షియన్ ఏంది బావా, మన గల్లీ పిల్లే గదా!" అన్నాడు. అంతే, ఇంటి యజమానికి తల కొట్టేసినట్లయింది. దానిని గోనెసంచిలో కట్టి కూరగాయల మార్కెట్టు దగ్గర వదిలివస్తానని లేచాడు. ఎనిమిదో తరగతి చదివే కూతురు రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆ పిల్ల పంతం నెగ్గింది కాబట్టి ఆ పిల్లి ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నది. అన్ని ఇళ్ళలోను అటువంటి కూతురు ఉండదు. ఇంట్లో పాలన్నం తిని పెరిగిన పిల్లి వీధిలో పడితే కుక్కల నుంచి తప్పించుకోవడం కూడా దానికి సరిగా రాదు.

అంచేత, కూన బొచ్చు ఎందుకు వస్తుంది, ఎందుకు పోతుంది అన్నది కాస్త తెలుసుకోవడం మంచిది.

పుట్టినప్పుడు కూన ఒంటి మీద ఉండేది పలుచని పొట్టి నూగు మాత్రమే. కళ్ళు మూసుకునే ఉంటవి. ఏడు మొదలు పద్నాలుగు రోజుల లోపల తెరుస్తుంది. తన ఒంటి వేడిని తాను నిలుపుకునే శక్తి మొదటి వారాల్లో దానికి చాలదు. తల్లి పొట్ట, తోడబుట్టిన కూనల వీపులు, అవే దానికి కంబళి. నెల తిరిగేసరికి నూగు ఒత్తుగా లేస్తుంది. ఆరు వారాలకు, ఎనిమిది వారాలకు, అంటే సరిగ్గా బేరానికి పెట్టే వయస్సుకు, ఏ కూన అయినా పట్టుకుచ్చు వలెనే ఉంటుంది. రాజుగారి పిల్లి కూనా అంతే, రైలుకట్ట పక్క పిల్లి కూనా అంతే.

పెరిగిన పిల్లి ఒంటి మీద మూడు తరహాల వెంట్రుకలు ఉంటవి. పైన కాస్త ముతకగా, నిటారుగా ఉండి వాననీటిని జార్చేవి ఒక రకం. వాటి కింద మధ్యరకం. అన్నిటి అడుగున ఉన్ని వంటి మెత్తని నూగు. కూనలో ఈ తేడాలు ఇంకా తేలవు. అన్నీ సన్నమే, అన్నీ మెత్తనే. ఒంటికి అంటుకుని పడుకోవడం వాటికి ఇంకా తెలియదు, లేచి నిలబడి ఉంటవి. ఆ నిలబడటాన్నే మనం పొడుగు అనుకుంటాము.

నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు పాత కోటు పోయి కొత్త కోటు వస్తుంది. ఇదే సమయంలో పాలపళ్ళు కూడా ఊడుతవి. ఇల్లు ఊడ్చేటప్పుడు నూకగింజ వంటి చిన్న పన్ను కనిపిస్తే కంగారుపడనక్కర లేదు; పిల్లికి పళ్ళు మారుతున్నవన్న మాట. పొట్టి బొచ్చు పిల్లి అయితే వెన్నుపూస వెంట నిగనిగలాడే నున్నని చార మొదట కనిపించి, క్రమంగా పక్కలకు దిగుతుంది. పొడుగు బొచ్చు పిల్లి అయితే తోక ముందు కబురు చెప్తుంది. తోక విచ్చుకుంటుంది, తరువాత మెడ చుట్టూ, తొడల వెనుక కుచ్చులు దిగుతవి. పర్షియన్ జాతి పిల్లికి నిండు కోటు రావడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టడం మామూలే.

రెండు నెలల కూనలో తెలుసుకునే ఉపాయం లేదా అంటే, కొంత ఉన్నది. వీపు చూడకండి, వీపు అబద్ధమాడుతుంది. కాలివేళ్ళ సందుల్లో చూడండి, చెవుల లోపల చూడండి, పొట్ట కింద చూడండి. ఆ చోట్ల కుచ్చులుగా వెంట్రుక సాగి ఉంటే పొడుగు బొచ్చుకు ఆశ ఉన్నది. అయినా అన్నిటికన్న నమ్మదగిన సాక్షి తల్లి. తల్లి తండ్రి ఇద్దరూ పొడుగు బొచ్చువే అయితే కూన కూడా అదే తోవ పడుతుంది.

ఇద్దరూ అని ఎందుకన్నానో చెప్పాలి. వెంట్రుకకు పెరిగే కాలం ఒకటి, ఆగే కాలం ఒకటి, రాలే కాలం ఒకటి ఉన్నవి. పెరగడం ఆపమని చెప్పే జన్యువు ఒకటున్నది, దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఎఫ్.జి.ఎఫ్.5. ఎలుకల్లో ఇది చెడితే బొచ్చు పొడుగవుతుందని 1994లో తెలిసింది, కుక్కల్లో 2006లో తెలిసింది, పిల్లుల్లో 2007లో రెండు పరిశోధక బృందాలు వేరువేరుగా తేల్చినవి. దీనిని కాలేజీలో గంట కొట్టే బంట్రోతు అనుకోండి. గంట మోగితే పాఠం ఆగుతుంది. బంట్రోతు నిద్రపోతే లెక్చరరు చెబుతూనే పోతాడు. (విద్యార్థులు ఈ ఉపమానాన్ని వెంటనే గ్రహిస్తారని నా అనుభవం.) పొడుగు బొచ్చు అంటే గంట మోగని క్లాసు. అయితే ప్రతి పిల్లికీ ఇద్దరు బంట్రోతులు ఉంటారు, ఒకడు తల్లి ఇచ్చినవాడు, ఒకడు తండ్రి ఇచ్చినవాడు. ఇద్దరిలో ఒక్కడు మేలుకుని ఉన్నా గంట మోగుతుంది. ఇద్దరూ నిద్రపోతేనే బొచ్చు సాగుతుంది.

ఇప్పుడు బేరం సంగతి చూడండి. పర్షియన్ మగపిల్లి, మన వీధి ఆడపిల్లి. తల్లి వంశంలో పొడుగు బొచ్చు లేకపోతే కూనలన్నీ పొట్టి బొచ్చువే అవుతవి, ఒక్కటి కూడా తప్పదు. రెండు నెలలప్పుడు మాత్రం దూదిపింజెలే. అమ్మేవాడు తండ్రి బొమ్మ చూపిస్తాడు. అందులో అబద్ధం లేదు, తండ్రి పర్షియనే. తల్లిని చూపించమంటే ఊరికి వెళ్ళింది అన్నట్లు మాట్లాడతాడు. పైగా ఒకే ఈతలో కూనలకు వేరువేరు తండ్రులు ఉండటం పిల్లుల్లో వింత కాదు. కాబట్టి తల్లిని కళ్ళారా చూడనిదే డబ్బు తీయకండి.

ఇందులో ఇంకో తమాషా ఉన్నది. అలా పుట్టిన పొట్టి బొచ్చు పిల్లి తన ఒంట్లో నిద్రపోయే బంట్రోతును ఒకణ్ణి దాచుకునే ఉంటుంది. అటువంటివి రెండు కలిస్తే నాలుగు కూనల్లో ఒకదానికి పొడుగు బొచ్చు వస్తుంది. ఇది సగటు మాట. ఒక ఈతలో రెండు రావచ్చు, ఒకటీ రాకపోవచ్చు. ఏ అటక మీదనో, ఏ ఖర్చూ లేకుండా, గల్లీ పిల్లికి జమీందారు వంటి కూన పుట్టిందంటే దాని మర్మం ఇదే.

అసలు పర్షియన్ అనే పేరే ఒక కథ. పియెత్రో దెల్లా వల్లే అనే ఇటలీ యాత్రికుడు 1620 ప్రాంతంలో పర్షియాలో ఉండి, ఖొరాసాను పిల్లుల పట్టువంటి బొచ్చును చూసి మురిసిపోయి, వాటిని తన దేశానికి తీసుకుపోవాలనుకున్నాడు. తరువాత ఇంగ్లీషువారు ఈ పిల్లులను పెంచి, ఏర్చి, కూర్చి, 1871లో లండనులోని క్రిస్టల్ పాలెస్‌లో పెద్ద పిల్లుల ప్రదర్శన పెట్టినారు. నేటి పర్షియన్ పిల్లుల జన్యువులను పరీక్షిస్తే పశ్చిమాసియా పిల్లులకన్న యూరపు పిల్లులకే దగ్గరగా ఉన్నవట! పేరులోనే పర్షియా మిగిలింది. మన అమరకోశంలో పిల్లికి అయిదు పేర్లున్నవి. ఒక పేరు ఎలుకలు తినేదని చెబుతుంది, మార్జారమన్న పేరు ఒంటిని తుడుచుకునే గుణాన్ని చెబుతుంది. ఒక్క పేరులోనూ బొచ్చు ప్రసక్తి లేదు.

పొడవే కాదు, రంగు కూడా కూననాడు ఉన్నట్లు ఉండదు. నల్లపిల్లి కూన మీద ఎండలో చూస్తే లీలగా చారలు కనిపిస్తవి, పెరిగేసరికి మాసిపోతవి. సయామీ పిల్లి కూనలు దాదాపు తెల్లగా పుడతవి. వాటిలో నల్లరంగు పుట్టించే పదార్థం చల్లని చోట్ల మాత్రమే పనిచేస్తుంది. తల్లి కడుపులో చల్లని చోటు లేదు కదా! పుట్టిన తరువాత ముక్కు, చెవులు, పాదాలు, తోక, అంటే వేడి తక్కువగా ఉండే కొసలు, క్రమంగా నల్లబడతవి. తల్లి చూలుతో ఉండగా జ్వరం వచ్చినా, బాగా ఇబ్బందులు పడినా, కూనలు బూడిద చల్లినట్లు పుట్టడం కూడా కద్దు. ఆరు నెలలకో ఏడాదికో ఆ బూడిద రాలి అసలు రంగు బయటపడుతుంది. "వెండి రంగు" అని చెప్పి అటువంటి కూనకు రెండింతలు ధర అడిగేవారు ఉంటే ఆశ్చర్యపోనవసరం లేదు.

రాలే బొచ్చు అంతా మంచిది కాదని కూడా ఇక్కడే చెప్పాలి. గుండ్రంగా, రూపాయి బిళ్ళంత మేర వెంట్రుక ఊడి, కింద చర్మం పొరలు పొరలుగా లేస్తే అది కోటు మార్పు కాదు, తామర. కూనలకు తొందరగా అంటుతుంది, కూనలను ముద్దాడే పిల్లలకు ఇంకా తొందరగా అంటుతుంది. పశువుల డాక్టరుకు చూపించాలి. పసుపు పూసి ఊరుకోవడం నిజామాబాదువారికి సహజమే గాని, దానితో సరిపెట్టకూడదు.

ఇక మన ఎండల సంగతి. పిల్లి కోటు మారడం చలిని, వేడిని బట్టి కన్న పగటి పొడవును బట్టి ఎక్కువగా జరుగుతుంది. లండనులో వేసవి పగటికి, శీతకాలపు పగటికి ఎనిమిది గంటలపైన తేడా ఉంటుంది; ఇక్కడ రెండు గంటల పైచిలుకు మాత్రమే. దానికి తోడు ఇంట్లో రాత్రి పదకొండు దాకా దీపాలు. అంచేత ఇంటిపట్టున ఉండే పిల్లి ఏడాది పొడుగునా కొంచెం కొంచెం రాలుస్తూనే ఉంటుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండలో పొడుగు బొచ్చు పిల్లికి నరకమే. పిల్లికి చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే, మిగిలిన ఒంటిని నాకి తడుపుకుని చల్లబడుతుంది. కొందరు జాలిపడి క్షౌరం చేయిస్తారు. అది మేలు కాదు. చర్మానికి ఎండ నేరుగా తగులుతుంది. రోజూ దువ్వి చచ్చుబొచ్చు తీసివేస్తే గాలి ఆడుతుంది. దువ్వకపోతే చంకల కింద జడలు కట్టి, చర్మం లాగి పుండ్లు పడతవి. రోజుకు పది నిమిషాలు దువ్వడానికి ఇంట్లో ఎవరున్నారో ముందు తేల్చుకుని తరువాత కూనను తెచ్చుకోవాలి. పొట్టి బొచ్చుదైతే ఈ బాధ లేదు. మా కాలనీవారు నష్టపోయామనుకున్నారు గాని, ఇందూరు ఎండలకు సరిపోయిన సరుకు వారికే దొరికింది.

బోధన్ వైపు వెళితే కూన బొచ్చు కథ వేరొక మలుపు తిరుగుతుంది. మంజీర మీద 1931లో నిజాంసాగరు పూర్తయిన తరువాత ఆ కాలువల కింద చెరుకు లేచింది; 1937లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు తగ్గి వరి పెరిగింది. అయినా చెరుకు పూర్తిగా పోలేదు. చెరుకు ఉన్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోట అడవిపిల్లి ఉంటుంది. బావురుపిల్లి అని కూడా అంటారు. ఇంటి పిల్లికన్న పెద్దది, కాళ్ళు పొడుగు, తోక పొట్టి, చెవి కొసల్లో చిన్న నల్లకుచ్చులు. గుబురుగా, నీటి ఒడ్డున, మనిషి అలికిడి లేకుండా ఉండే చెరుకుతోట దానికి పురిటిల్లు.

చెరుకు కొట్టే రోజుల్లో కూలీలకు ఆ కూనలు దొరుకుతవి. "చెరుకుల పిల్లి పిల్లలు దొరికినయి సారూ, సాదుకుంటరా?" అని అడుగుతారు. చూడటానికి ముచ్చటగా ఉంటవి, ఒంటినిండా చారలు, మచ్చలు, చిన్న పులి బొమ్మ వలె. ఆ చారలు ఎండాకుల నీడలో కూనను దాచడానికి ప్రకృతి ఇచ్చిన ముసుగు. పెరిగేకొద్దీ అవి మాసిపోయి ఒళ్ళంతా ఇసుకరంగు తేలుతుంది; కాళ్ళ మీద, తోక మీద మాత్రం గీతలు మిగులుతవి. అంటే ఏ చారలు చూసి తెచ్చుకున్నామో అవి ఉండవు, చేతికి వచ్చేది బుసకొట్టే అడవి జంతువు. పైగా 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దానిని పట్టడం, పెంచడం నేరం.

అన్నిటికన్న పెద్ద అపాయం కొట్టిన చేనులో ఆకుచెత్తకు నిప్పుపెట్టడం. తల్లి పారిపోగలదు, కూనలు పారిపోలేవు. మహారాష్ట్ర చెరుకు తోటల్లో వన్యప్రాణి సంఘాలవారు చేసే పని ఒకటున్నది. కూనలను చేతితో నలపకుండా, దొరికిన చోటుకు దగ్గరలోనే ఒక డబ్బాలో పెట్టి, అటవీశాఖకు కబురు చేసి, చీకటి పడేముందు మనుషులంతా తప్పుకుంటారు. తల్లి సాధారణంగా దూరం పోదు. మన దగ్గర బోధన్ రైతు ఒకాయన, ఎవరూ చెప్పకుండానే, అలాగే చేసినానని నాతో అన్నాడు. గట్టు మీద అట్టపెట్టెలో మూడు కూనలను పెట్టి, చెత్తకు నిప్పుపెట్టడం రెండు రోజులు వాయిదా వేసినాడట. మొదటి తెల్లవారు పెట్టెలో ఒకటే ఉన్నది. రెండో తెల్లవారు పెట్టె ఖాళీ.