మామ కారు, కాస్టిక్ డబ్బా, ఒక వేడి లెక్క

మాది ఆత్మకూరు. ఇలా చెప్పగానే హాస్టల్లో సగం మంది "నెల్లూరా?" అంటారు. కాదు, నంద్యాల జిల్లా ఆత్మకూరు. 2022 ఏప్రిల్ 4 దాకా కర్నూలు జిల్లా. ఊరు దాటితే బైర్లూటి, తర్వాత నల్లమల, దోర్నాల మీదుగా శ్రీశైలం. మా మామ ఆ దారిలోనే బాడుగకి కారు తోలతాడు. పొద్దున లేస్తే ఆయనకి మొదటి దిగులు డీజిలే.

పోయిన ఎండాకాలం సెలవులకి ఊరెళ్తే మామ బానెట్ ఎత్తి చూపించాడు. "రేయ్ అల్లుడూ, ఇంజినీరింగ్ చదువుతాండావు కదా, దీన్ని చల్లగా ఉంచే ఉపాయం ఏదన్నా చెప్పు" అన్నాడు. లోపల ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో లీటరు నీళ్ళు, కాస్టిక్ సోడా, రెండు స్టీలు ప్లేట్లు. బ్యాటరీ నుంచి రెండు వైర్లు, ఇంజిన్ గాలి పీల్చే గొట్టంలోకి ఒక ట్యూబు. వీడియో చూసి చేసుకున్న హెచ్‌హెచ్‌ఓ జనరేటర్. కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టి ఇంజిన్‌కి పంపితే మైలేజ్ పెరుగుతుందని ఆశ. కానీ బైర్లూటి చేరేసరికి డబ్బా చెయ్యి పెట్టలేనంత కాలుతోందట, ట్యూబు మెత్తబడిందట.

నేను సీఎస్ఈ. మా లాబ్‌లో వేడెక్కేది లాప్‌టాప్ ఒక్కటే. అయినా మామ అడిగాడు కాబట్టి ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకం తీశాను.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

నీటిని విడగొట్టడాన్ని విద్యుద్విశ్లేషణ అంటారు. (ఈ మాట పలకడం నాకు ఇప్పటికీ కష్టమే.) ఒక జత ప్లేట్ల మధ్య ఈ పనికి సుమారు 1.48 వోల్టులు చాలు. అంతకంటే ఎక్కువ ఇచ్చే ప్రతి వోల్టూ వేడిగా మారుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు వైరింగ్‌లో ఉండేది దాదాపు 14 వోల్టులు. మామ దాన్ని ఒకే జత ప్లేట్లకి ఇచ్చాడు. 20 ఆంపియర్లు పారుతుంటే మొత్తం 280 వాట్లు. అందులో గ్యాస్‌లోకి వెళ్ళేది 30 వాట్లు, మిగతా 250 వాట్లు నీళ్ళు కాచడానికే. లీటరు నీటిని 250 వాట్లు నిమిషానికి మూడున్నర డిగ్రీల పైనే వేడెక్కిస్తాయి. ఎండాకాలం బానెట్ కింద 40 డిగ్రీల దగ్గర మొదలైతే పదహారు, పదిహేడు నిమిషాల్లో మరుగుతుంది. అంటే మామ తయారుచేసింది హైడ్రోజన్ జనరేటర్ కాదు, వాటర్ హీటర్.

అందుకే చల్లబరచడం ఫ్యానుతో కాదు, ప్లేట్లతో మొదలవ్వాలి. వరసగా ఎనిమిది ప్లేట్లు పెట్టి, రెండు చివరి ప్లేట్లకి మాత్రమే వైర్లు కలిపితే మధ్యలో ఏడు గదులు వస్తాయి. ఒక్కో గదికి 2 వోల్టులు. అదే 20 ఆంపియర్లకి వేడి 73 వాట్లకి పడిపోతుంది, గ్యాస్ ఏడు రెట్లు అవుతుంది.

లూప్‌కి బ్రేక్ లేకపోతే

ఇంకో చిక్కు ఉంది. కాస్టిక్ నీళ్ళు వేడెక్కేకొద్దీ కరెంటుని ఇంకా బాగా పోనిస్తాయి. కరెంటు పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే కరెంటు మళ్ళీ పెరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే ఆగే కండిషన్ రాయని వైల్ లూప్. దీనికి బ్రేక్, కరెంటుని ఒక హద్దులో పట్టి ఉంచే పీడబ్ల్యూఎం కంట్రోలర్. లాప్‌టాప్ వేడెక్కగానే ప్రాసెసర్ స్పీడ్ తగ్గించుకుంటుందే, అలాంటిదే.

ఆ తర్వాతే గాలీ నీళ్ళూ. డబ్బాని ఎగ్జాస్ట్ పక్కన కాకుండా ముందు గ్రిల్ వెనక గాలి తగిలేచోట పెట్టాలి. ఇంకో ట్యాంకు పెట్టి నీళ్ళు తిరిగేలా చెయ్యాలి. చాలామంది ఇక్కడే పాత అల్యూమినియం రేడియేటర్ తగిలిస్తారు. అది పెద్ద తప్పు. కాస్టిక్ అల్యూమినియంని తినేస్తుంది, తింటూ హైడ్రోజన్ కూడా వదులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టమే వాడాలి.

"వేడెక్కినాక బుడగలు జాస్తి వస్తాండాయి, మంచిదే కదా?" అన్నాడు మామ. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ 60 డిగ్రీల దగ్గర బయటికొచ్చే దాంట్లో అయిదో వంతు, 80 దగ్గర దాదాపు సగం నీటి ఆవిరే. బుడగ లావుగా ఉంటుంది, లోపల సరుకు ఉండదు.

అసలు లెక్క

ఇక్కడిదాకా రాసుకుని చాలా సంతోషపడ్డాను. మామకి ఎనిమిది ప్లేట్ల డిజైన్ కూడా గీశాను. రాత్రి పడుకునే ముందు చివరి లెక్క వేశాను. అదే ముందు వెయ్యాల్సింది.

ఏడు గదుల డబ్బా నిమిషానికి లీటరున్నర పైన గ్యాస్ ఇస్తుంది, అందులో హైడ్రోజన్ లీటరు చిల్లర. ఇంజిన్‌లో అది మండితే 175 వాట్లు. లీటరుకి 20 కిలోమీటర్లు ఇచ్చే కారు 60 స్పీడ్‌లో పోతుంటే డీజిల్ నుంచి వచ్చే వేడి 30,000 వాట్లు. అంటే మన హైడ్రోజన్ నూటికి ఒకటి కూడా కాదు.

పోనీ, ఆ 280 వాట్ల కరెంటు ఊరికే వస్తుందా? ఆల్టర్నేటర్ తిప్పేది ఇంజినే, ఇంజిన్ తాగేది డీజిలే. ఆల్టర్నేటర్ నూటికి 60, ఇంజిన్ నూటికి 30 మాత్రమే పనిలోకి తెస్తాయనుకుంటే, గంటకి సుమారు 150 మిల్లీలీటర్ల డీజిల్ పెట్టి 18 మిల్లీలీటర్ల విలువైన హైడ్రోజన్ తెచ్చుకుంటున్నాం. ఎంత చల్లబరిచినా ఈ లెక్క తిరగబడదు.

నీళ్ళతో కారు నడుపుతానన్న అమెరికా స్టాన్లీ మేయర్‌ది మోసమని 1996లోనే ఒహైయో కోర్టు తేల్చింది. విద్యుద్విశ్లేషణలో తప్పేం లేదు. విశాఖ దగ్గర పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అలాంటి చోట కరెంటు ఎండ నుంచి, గాలి నుంచి తెస్తారు, కారు డీజిల్ కాల్చి కాదు. పైగా రెండు వాయువుల్నీ విడివిడిగా పట్టుకుంటారు. మామ డబ్బాలో రెండూ కలిసే వస్తాయి. హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంతున్నా అంటుకుంటుంది, దానికి చిన్న స్పార్క్ చాలు. మెత్తబడిన ట్యూబు, బానెట్ కింద వేడి, వెనక సీట్లో శ్రీశైలం భక్తులు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

పొద్దున్నే చెప్పాను. మామ చాలాసేపు మాట్లాడలేదు. "మరి మొన్న మైలేజ్ పెరిగిందే?" అన్నాడు. "ఆ రోజు ఎంత స్పీడ్‌లో పోయినావు మామా?" అని అడిగాను. "డబ్బా ఏమైతాదో అని భయపడి మెల్లగా పోయినాలే" అన్నాడు. అని తనే నవ్వాడు.

మధ్యాహ్నం ఇద్దరం కలిసి ఇంజిన్ చల్లారాక వైర్లు పీకి, చేతులకి గ్లవ్స్ వేసుకుని డబ్బా దించేశాం. మామ టైర్లలో గాలి చూయించుకుని, ఎయిర్ ఫిల్టర్ మార్చుకున్నాడు. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా మైలేజ్ లెక్క చెప్తాడు.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఆ వీడియోలు చూస్తూనే ఉంటారు. నవ్వకండి. పక్కన కూర్చుని, కాగితం మీద లెక్క వేసి చూపించండి. నాలా డిజైన్ గీశాక కాదు, ముందే.