డస్ట్ కలెక్టరుకు ముందు వైరింగు

ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసినవారికి దూది నుసి సంగతి చెప్పనక్కరలేదు. కొయ్యపని చేసేవారికి రంపపు పొట్టు అటువంటిదే. అందులోని సన్నటి నుసి క్యాన్సరుకు కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే ప్రకటించింది. అందుకే దేవనకొండలో మా ఇంటి వెనక షెడ్డుకు రెండు హెచ్.పి. డస్ట్ కలెక్టరు పెట్టాలనుకున్నాం.

"ప్లగ్గు పెట్టి స్విచ్చి వేస్తే సరిపోదా?" అంటారు మిత్రులు. సరిపోదు. 230 వోల్టుల సింగిల్ ఫేజులో ఆ మోటారు దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది. స్టార్టయ్యే క్షణంలో అయిదారు రెట్లు! పైగా రంపం మిషను తిరిగేటప్పుడే ఇదీ తిరగాలి. కాబట్టి దీనికి మెయిన్ బోర్డు నుంచి వేరే లైను కావాలి.

ఇక వైరు మందం. షెడ్డు 20 మీటర్ల దూరమైతే పోనూ రానూ 40 మీటర్లు. 1 చదరపు మి.మీ. రాగి వైరులో, 50 ఆంపియర్ల స్టార్టింగు కరెంటుకు సుమారు 36 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 వైరులో 15 మాత్రమే. వోల్టేజి అసలే తక్కువున్న వేళ మోటారు తిరగలేక మూలిగి, వేడెక్కి కాలిపోయేది ఇందువల్లనే.

ఈ లైనుకు 16 ఆంపియర్ల సి-టైపు ఎం.సి.బి., 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., గట్టి ఎర్తు ఉండాలి. జాయింట్లు మూత ఉన్న పెట్టెలోనే వేయాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి తీగ చుట్టడం మనవైపు మామూలే. అప్పుడు ఫ్యూజుకు బదులు గోడలోని వైరు కాలుతుంది. చుట్టూ ఉన్నది ఎండు పొట్టని మరచిపోకండి.