ఇంజనుకు చల్లగాలి

మోటారు కారు పెట్రోలు త్రాగి నడుస్తుందని అనుకొనుట వాడుక. తూచి చూస్తే దాని ఆహారములో పెట్రోలు కొద్ది పాలు, గాలి పెద్ద పాలు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 15 కిలోల గాలి కావలెను. ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువ. కనుక లీటరు పెట్రోలుకు దాదాపు 11 కిలోల గాలి, అనగా వేసవి వేడిలో 9,500 లీటర్ల గాలి, ఒక చిన్న గది నిండా పట్టేటంత గాలి, ఖర్చవుతుంది.

పిస్టను క్రిందికి దిగినప్పుడు సిలిండరులోనికి గాలిని పీల్చుకొంటుంది. అయితే అది గాలిని తూచి పుచ్చుకొనదు, కొలిచి పుచ్చుకొంటుంది. సిలిండరు ఘనపరిమాణము ఎంతో అంతే. ఆ గాలి చల్లగా ఉంటే బరువు ఎక్కువ, వేడిగా ఉంటే తక్కువ. పీడనము మారనప్పుడు వాయువు ఘనపరిమాణము దాని పరమ ఉష్ణోగ్రతను అనుసరించి పెరుగుతుందనే చార్లెస్ నియమము ఉన్నత పాఠశాలలో అందరూ చదివినదే. 30 డిగ్రీల గాలి పరమ ఉష్ణోగ్రత 303. 60 డిగ్రీల గాలిది 333. మొదటి దానిని రెండవ దానితో భాగిస్తే 0.91 వస్తుంది. అంటే అదే సిలిండరులో పట్టే గాలి బరువు నూటికి తొమ్మిది పాళ్లు తగ్గిపోయినది. ఇంచుమించుగా మూడు డిగ్రీల వేడికి ఒక శాతము గాలి నష్టమని గుర్తుంచుకొనవచ్చును.

గాలి తొమ్మిది పాళ్లు తగ్గితే ఇంజను బలము కూడా తొమ్మిది పాళ్లు తగ్గునా? అంత తగ్గదు. చల్లగా వచ్చిన గాలి వేడి గోడలను తాకి ఎక్కువ వేడెక్కుతుంది. వేడిగా వచ్చినది తక్కువ వేడెక్కుతుంది. లోపలికి చేరేసరికి రెండింటి నడుమ భేదము కొంత చెరిగిపోతుంది. అందువల్ల ఇంజనీర్లు పెట్రోలు ఇంజను బలమును సరిచూచే లెక్కలలో పరమ ఉష్ణోగ్రతల నిష్పత్తిని కాక దాని వర్గమూలమును వాడుతారు. ఆ లెక్కన ముప్పది డిగ్రీల భేదమునకు బలములో భేదము అయిదు శాతము లోపే. వేడిగాలి మరొక విధముగా కూడా చెరుపు చేస్తుంది. దానితో కలిసిన పెట్రోలు నిప్పురవ్వ అంటించిన జ్వాల చేరక ముందే ఒక మూల తనంతట తాను భగ్గుమనవచ్చును. ఈ నాకింగు రాకుండా నేటి కార్లలోని ఎలక్ట్రానిక్ యంత్రాంగము నిప్పురవ్వను ఆలస్యము చేస్తుంది. దానితో మరికొంత బలము పోతుంది.

ఇంతవరకు విన్నవారికి, గాలిని చల్లబరిస్తే మైలేజీ పెరుగుతుందని తోచుట సహజము. ఎందరో డబ్బు పోసుకొనేది ఈ ఆశతోనే. కాని అది నిజము కాదు. పెట్రోలు కారులో గాలి దారికి అడ్డముగా థ్రాటిల్ అనే తలుపు ఉన్నది. చదునైన రోడ్డు మీద తాపీగా పోయే కారు ఆ తలుపును కొద్దిగానే తెరచి, కావలసినంత గాలినే పుచ్చుకొంటుంది. గాలి చల్లనిదైతే డ్రైవరు కాలు తెలియకుండానే ఆ తలుపును ఇంకొంచెము మూస్తుంది. సన్నని సందులోనుంచి గాలిని లాగుటకు పిస్టను పడే శ్రమ ఏ మాత్రమూ తగ్గదు, కొంచెము పెరుగుతుంది కూడా. చల్లగాలి ఫలితము కనిపించేది యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడే: ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు, నిండు బరువుతో లారీని దాటవలసి వచ్చినప్పుడు.

చల్లదనము అన్ని వేళలా మేలు చేయదు కూడా. కార్బ్యురేటరు ఉన్న పాత కార్లలో పెట్రోలు ఆవిరి అవుతూ చుట్టుప్రక్కల వేడిని పీల్చుకొంటుంది. అందుచేత తేమ గల చల్లని ఉదయము, బయట నీరు గడ్డకట్టే చలి లేకపోయినా, కార్బ్యురేటరు గొంతులో మంచు పేరుకొని ఇంజను ఆగిపోయేది. ఆ కార్లలో కొన్నింటికి గాలి దారిని వేసవికి ఒక ప్రక్కకు, శీతకాలమునకు వేడి గొట్టము ప్రక్కకు త్రిప్పే ఏర్పాటు ఉండేది.

గాలి వేడెక్కేది ఎక్కడ? బానెట్ క్రింద. రేడియేటరు దాటి వచ్చిన గాలి, పొగగొట్టము మొదలు నుండి కొట్టే సెగ అక్కడ చేరి ఉంటాయి. కారు కూడలిలో ఆగినప్పుడు అక్కడి గాలి బయటి గాలి కంటే 20, 30 డిగ్రీలు హెచ్చుగా ఉండుట సామాన్యము. కనుక ఏ ఉపాయమునకైనా ముందు చేయవలసిన పని కొలుచుట. పొడవైన తీగ చివర మొన గల చౌక డిజిటల్ ఉష్ణమాపకము చాలును. మొనను ఎయిర్ ఫిల్టరు డబ్బా నోటి దగ్గర, కదిలే భాగములకు తగలకుండా కట్టి, ఇంజను ఆపి ఉన్నప్పుడే బానెట్ మూసి, పెద్దవారు కారు నడుపగా ప్రక్కన కూర్చున్న విద్యార్థి అంకెలు వ్రాసుకొనవచ్చును. కారు వేగముగా పోయేటప్పుడు లోపలి గాలి బయటి గాలి కంటే నాలుగైదు డిగ్రీలే హెచ్చుగా ఉన్నట్లు తేలితే, అక్కడ ఇక సాధించవలసినది పెద్దగా లేదన్నమాట. నేటి కార్లలో చాలావాటికి తయారీదార్లే గాలి నోటిని రేడియేటరు ముందు భాగమున అమర్చి పంపుతున్నారు.

ఇక్కడ ఒక విచిత్రము ఉన్నది. ఆ ముక్కు గొట్టమును తీసివేసి, బానెట్ క్రిందనే బయలుగా ఉండే శంకు ఆకారపు ఫిల్టరు తగిలించుట కొందరికి సరదా. ఇంజను గర్జన పెరుగుతుంది, బలము పెరిగినట్లు తోస్తుంది. కాని అది పీల్చేది పొయ్యి ప్రక్క గాలిని. అటువంటి ఫిల్టరు ఉన్నచోట ఒక అల్యూమినియము రేకును వంచి, సెగకూ ఫిల్టరుకూ నడుమ తెరగా నిలిపి, బయటినుంచి గాలి వచ్చే దారి తెరచుట చౌకైన మంచి చికిత్స. మెరిసే రేకు ఉష్ణ వికిరణమును వెనుకకు కొడుతుంది. రేకుకూ ఫిల్టరుకూ మధ్య వేలెడు ఖాళీ ఉంటే ఇంకా మేలు.

గాలి గొట్టము చుట్టూ వెండిరంగు గుడ్డ చుట్టుట మరొక అలవాటు. 1200 ఘన సెంటీమీటర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగుతూ పూర్తిగా పీల్చినప్పుడు సెకనుకు దాదాపు 25 లీటర్ల గాలి పోతుంది. ఆరు సెంటీమీటర్ల గొట్టములో ఆ గాలి వేగము సెకనుకు 9 మీటర్లు. అర మీటరు గొట్టమును అది సెకనులో పదునెనిమిదవ వంతులో దాటుతుంది. అంత స్వల్ప కాలములో గాలి వేడెక్కేది కొద్దియే కనుక, ఆ చుట్టు వల్ల లాభమూ కొద్దియే.

బయటి గాలి కోసమని నోటిని బంపరు క్రిందికి దించేవారు మాత్రము జాగ్రత్త వహించవలెను. వానకాలములో రోడ్డు మీద నిలిచిన నీటిలో కారు దిగితే, ఆ నోరు నీటిని పీలుస్తుంది. గాలిని నొక్కవచ్చును గాని నీటిని నొక్కుట సాధ్యము కాదు. పైకి వచ్చే పిస్టను నీటికి తగిలి, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. రెండు డిగ్రీల చల్లదనము కోసము ఇంజనునే పోగొట్టుకొనుట అవుతుంది.

బయటి గాలి కంటే చల్లని గాలి కావలెనంటే తెలుగు ఇండ్లలో ఎరుగని ఉపాయము కాదు. కుండలో నీరు, కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడిక ఆ పనే చేస్తాయి. నీరు ఆవిరి అగుటకు కావలసిన గుప్తోష్ణమును గాలి నుండి తీసుకొంటుంది. ఒక కిలో గాలిలో ఒక గ్రాము నీరు ఆవిరి అయితే ఆ గాలి దాదాపు రెండున్నర డిగ్రీలు చల్లబడుతుంది. పైన చెప్పిన ఇంజను గాలిని 20 డిగ్రీలు చల్లబరచుటకు గంటకు ఒక లీటరు లోపు నీరు చాలును. గది కూలరులో వాడే తడిపిన అట్ట జానెడు చదరము ఉంటే సరిపోతుంది.

కాని ఎంత చల్లబడునో నిర్ణయించేది అట్ట కాదు, ఊరి గాలి. తడి బల్బు చూపే ఉష్ణోగ్రతకు దిగువకు ఈ పద్ధతి పోజాలదు. ఎండలకు పేరుపడిన పల్నాటి రెంటచింతల వంటి చోట 42 డిగ్రీల వేడిలో సాపేక్ష ఆర్ద్రత 15 శాతము ఉన్ననాడు తడి బల్బు 22 డిగ్రీల సమీపమున నిలుస్తుంది; ఇరవై డిగ్రీల లాభము. బందరు వంటి సముద్రతీరమున 34 డిగ్రీల వేడి, 70 శాతము ఆర్ద్రత ఉన్ననాడు అది 29 దగ్గరే ఆగుతుంది. లాభము అయిదు డిగ్రీలు. పైగా నీటి ఆవిరి కూడా చోటు ఆక్రమిస్తుంది. ఇరవై డిగ్రీల చల్లదనమునకు లోనికి పోయే ఆవిరి, గాలిలో నూటికి ఒక పాలుకు పైగా చోటును తీసుకొంటుంది. బోరు నీటిలోని లవణములు, రోడ్డు దుమ్ము కలిసి అట్టను బిగదీస్తాయి. కాగితపు ఫిల్టరునే తడుపుట మరీ చెడ్డ పని. అది ఉబ్బి గాలికి అడ్డము పడుతుంది.

నీటిని తెలివిగా వాడగల చోటు వేరొకటి ఉన్నది. సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కుట పిల్లలందరికీ తెలుసు. టర్బో ఉన్న ఇంజనులో అదే పెద్ద ఎత్తున జరుగుతుంది. 35 డిగ్రీల గాలిని వాతావరణ పీడనమునకు 1.7 రెట్లు నొక్కితే, టర్బోలోని నష్టములతో కలిపి అది నూరు డిగ్రీలు దాటుతుంది. అందుకే దానిని ఇంటర్‌కూలరు అనే రెక్కల పెట్టె గుండా పంపి చల్లబరుస్తారు. ఆ రెక్కల మీద బయటినుంచి నీటి తుంపర పడితే, ఆవిరి బయటకే పోతుంది. ఇంజనులోనికి చుక్క పోదు. సుబారు ఇంప్రెజా, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ కార్లలో కొన్నింటికి ఈ తుంపరను తయారీలోనే అమర్చినారు. ఇంటివద్ద చేసేవారు అద్దము కడిగే చిన్న పంపు, ప్లాస్టిక్ గొట్టము, సన్న రంధ్రపు మూతి, ఒక స్విచ్చి, ఫ్యూజు తీసుకొని తక్కువ ఖర్చుతో అమర్చుకొంటారు. రెక్కల పెట్టె గాలి కంటే ఎంతో వేడిగా ఉంటుంది కనుక తేమ ఉన్న కోస్తాలో కూడా ఇది పనిచేస్తుంది. శుద్ధమైన నీరు వాడుట, కొండ ఎక్కే కొద్ది నిమిషములు మాత్రమే విడుచుట మంచిది.

నీటిని ఇంజను లోపలికే చిమ్ముట కూడా కొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా థండర్‌బోల్ట్ విమానములు, నీరు, మిథనాలు సగము సగము కలిపి వాడిన జర్మన్ విమానములు కొద్ది నిమిషముల అదనపు బలము దీనివల్లనే పొందినవి. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ కారుకు ఇట్టి మిశ్రమము పోసే తొట్టి ఉండేది. 2016లో బి.ఎమ్.డబ్ల్యు. సంస్థ ఎమ్4 జి.టి.ఎస్. కారులో నీటిని మాత్రమే వాడినది. అయితే తుంపర కొలత తప్పితే ఇంజనుకు హాని. మిథనాలు విషము, మండే గుణము కలది. ఇది ఇంటి పెరటిలో ప్రయత్నించదగిన పని కాదు.

మంచుగడ్డ పెట్టెలోనుంచి గాలిని పంపితే ఎట్లుండునని విద్యార్థులు తరచు అడిగే ప్రశ్న. లెక్క తేలికే. పై ఇంజను పూర్తిగా పీల్చినప్పుడు నిమిషమునకు ఒకటి ముప్పాతిక కిలోల గాలి పోతుంది. దానిని 20 డిగ్రీలు చల్లబరచుటకు నిమిషమునకు 35 కిలోజౌళ్ల వేడి తీయవలెను. ఒక కిలో మంచు కరుగుతూ 334 కిలోజౌళ్లు పుచ్చుకొంటుంది; కరిగిన నీరు మరికొంత పుచ్చుకొంటుంది. అంటే పది పన్నెండు నిమిషములకు ఒక కిలో, గంటకు అయిదారు కిలోల మంచు. దానికి వచ్చే ప్రతిఫలము మూడు శాతము బలము. అమెరికాలో పావు మైలు పరుగు పందెముల వారు పందెమునకు ముందు ఇంజను గాలి పెట్టె మీద మంచు సంచులు పరచి ఉంచుతారు. వారి పరుగు కొద్ది సెకనులలో ముగుస్తుంది కనుక వారికి ఆ చల్లదనము చాలును.