మీటరు ఒకని పేరు మీద, బిల్లు ఇంకొకని నెత్తి మీద: ఇంగ్లండ్ పడవల కరెంటు ముచ్చట

ఇంగ్లండ్‌ల వేలమందికి పడవే ఇల్లు. రైళ్లు రాకముందు బొగ్గు, సరుకులు మోసెటందుకు తవ్విన కాలువలు ఆ దేశం నిండ ఉన్నయి. ఇప్పుడు ఆ కాలువల మీద సరుకు పెద్దగ నడుస్తలేదు, మనుషులు బతుకుతున్నరు. కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే సంస్థ ఇంగ్లండ్, వేల్స్‌ల దగ్గర దగ్గర 2,000 మైళ్ల నీళ్ల తొవ్వను చూసుకుంటది. దాని మీద 35,000 దాక పడవలు ఉన్నయి. అన్నిట్ల కాపురాలు ఉండయి. కొన్ని శని, ఆదివారాలు షికారుకు పోయెటోళ్లవి. గని ఇంటి కిరాయిలు భరించలేక పడవ కొనుక్కొని, అండ్లనే పొయ్యి పెట్టుకున్నోళ్లు మస్తుగున్నరు.

వాళ్ల కరెంటు బిల్లుతోని మనకేం పని అంటరా? పని ఉన్నది. హైదరాబాద్‌ల సబ్‌మీటరు రూముల ఉంటున్న తమ్మునికైనా, లండన్‌ల చదువుకు పోయిన చెల్లెకైనా ఆ పడవోళ్ల కష్టమే ఉన్నది. నేను ఇంజనీరును గాను, వకీలును గాను. బిల్లులు, రూల్సు ముంగటేసుకొని చదువుకుంట నేర్చుకున్నోణ్ని. నాకు సమజైనట్టు చెప్త.

ముందుగాల మెరీనా అంటే ఏందో చూద్దాం. పడవలను కిరాయికి కట్టేసుకునే రేవు అది. మన దగ్గర బండ్లకు పార్కింగు ఉన్నట్టు అక్కడ పడవకు జాగ కిరాయి కడ్తరు. ఒడ్డు మీద వరుసగ కరెంటు డబ్బాలు ఉంటయి. పడవల నుంచి వైరు తెచ్చి నీలిరంగు ప్లగ్గు అండ్ల పెడ్తరు. దీన్నే షోర్ పవర్ అంటరు, అంటే ఒడ్డు కరెంటు. సాధారణంగ 230 వోల్టులు, 16 ఆంపియర్లు. గుణిస్తె 3,680 వాట్లు. రెండు కిలోవాట్ల హీటరు, రెండు కిలోవాట్ల నీళ్ల కెటిల్ ఒక్కసారి పెడ్తే ఆ లెక్క దాటిపోతది.

ఒడ్డు కరెంటు లేకుంటే ఏమైతది? పడవల బ్యాటరీలు ఉంటయి. వాటిని చార్జింగ్ చెయ్యాలంటే డీజిల్ ఇంజను నడపాలె, లేకపోతే సోలార్ పలకలు పెట్టుకోవాలె. అక్కడి చలికాలంల ఎండ కొద్దిసేపే, అది గూడ మబ్బుల ఎండ. అందుకే చలికి ఓర్వలేని ముసలోళ్లు, చిన్న పిల్లలున్నోళ్లు ఒడ్డు కరెంటు మీదనే ఆధారపడ్తరు.

అసలు కిరికిరి ఇక్కడ మొదలైతది. కరెంటు కంపెనీ పడవోనికి కనెక్షన్ ఇయ్యది. మెరీనాకు ఒక్క పెద్ద మీటరు ఇస్తది. మెరీనా ఓనరు ఆ కరెంటును కొని, ఒడ్డు మీది డబ్బాలల్ల చిన్న మీటర్లు పెట్టి పడవోళ్లకు అమ్ముతడు. కొన్ని తావుల ముందే పైసలు కట్టి కార్డు నింపుకోవాలె. కంపెనీ లెక్కల మెరీనా అంటే వ్యాపారం. అండ్ల కాపురమున్న కుటుంబం ఆ కంపెనీకి అసలు కండ్లకే కనబడది.

నడుమ ఉన్నోడు ఇష్టమొచ్చిన రేటు పెట్టొచ్చా అంటే పెట్టొద్దు. ఆ దేశంల 1989 విద్యుత్ చట్టం 44వ సెక్షన్ ఉన్నది. కరెంటు, గ్యాసు మీద నిఘా పెట్టే ఆఫ్‌జెమ్ అనే ప్రభుత్వ సంస్థ, దాని కింద తిరిగి అమ్మే రేటుకు గరిష్ఠ హద్దు పెట్టింది. 2003 నుంచి ఉన్న రూలు చిన్నది, సూటిది: ఇంటి వాడకానికి కరెంటును తిరిగి అమ్మెటోడు, తాను ఏ రేటుకు కొన్నడో ఆ రేటుకే అమ్మాలె. లాభం తియ్యొద్దు. లెక్క అడిగితె చూపియ్యాలె. ఎక్కువ గుంజితె కోర్టుకు పోయి వాపసు అడగొచ్చు.

డబ్బాలకు, వైర్లకు ఖర్చు ఉండదా అంటె ఉంటది. నీళ్ల పక్కన కరెంటంటే ప్రాణాలతోని చెలగాటం, మరమ్మతులు చెయ్యాల్సిందే. గని ఆ ఖర్చును యూనిట్ రేటుల కలిపి దాచొద్దు. వేరే ఖర్చుగ వేరే చూపియ్యాలె. అట్ల చూపిస్తెనే అది న్యాయమా, దోపిడా అని అడిగే వీలుంటది.

మరి ఇంత మంచి రూలు ఉండంగ పడవోళ్లు ఎందుకు ఆగమైన్రు? 2022ల ఉక్రెయిన్ యుద్ధంతోని గ్యాసు రేట్లు మండిపోయినయి, దాని ఎంబడి కరెంటు గూడ. అక్టోబరుల బ్రిటన్ ప్రభుత్వం ఇండ్లకు యూనిట్‌ సగటున 34 పెన్సులు దాటకుండ ఆపింది. మన పైసలల్ల 30 రూపాయల పైమాటే. గని ఆ హద్దు ఇంటి కనెక్షన్లకే. మెరీనాది వ్యాపార కనెక్షన్. దానికి ఏ రేటు పడ్డదో అదే రేటు పడవోని మీద పడ్తది. రూలు లాభాన్ని ఆపుతది గని అసలు రేటును ఆపది.

ఒక లెక్క వేద్దాం. కిలోవాటు హీటరు రోజుకు 8 గంటలు నడిస్తె 8 యూనిట్లు. నెలకు 240. ఇంటోనికి 34 పెన్సుల చొప్పున 81 పౌండ్ల 60 పెన్సులు. మెరీనా 60 పెన్సులకు కొన్నదనుకుందాం, పడవోనికి 144 పౌండ్లు. అదే చలి, అదే హీటరు. తేడా ఒక్కటే, మీటరు ఎవని పేరు మీదున్నది.

సాయం గూడ గట్లనే అయింది. ప్రతి ఇంటికి 400 పౌండ్లు ఇస్తమన్నరు. సొంత ఖాతా ఉన్నోళ్లకు 2022 అక్టోబరు నుంచే ఆరు నెలలు జమ అయింది. ఖాతా లేని పడవోళ్లు దరఖాస్తు పెట్టుకోవాలన్నరు, ఆ దరఖాస్తు తెరిచింది 2023 ఫిబ్రవరి 27న. చలికాలం గడిచిపోయినంక అన్నట్టు. ఇగ స్థిరమైన రేవు లేకుండ 14 రోజులకోసారి జాగ మారే పడవోళ్లకు అది గూడ అందలే. వ్యాపార మీటర్లకు వచ్చిన తగ్గింపును కింద వాడెటోళ్లకు ఇయ్యాలని 2022 నవంబరుల రూలు తెచ్చిన్రు. అది మంచిదే. గని నడుమ ఉన్నోడు ఇచ్చిండా లేదా అని కనుక్కునే బరువు మళ్ల పడవోని మీదనే పడ్డది.

ఇంగ్లండ్‌ల రూముల ఉంటున్న మన పిల్లలకు ఒక మాట. ఆ తిరిగి అమ్మే రూలు పడవలకే గాదు. ఓనరు కరెంటుకు విడిగ పైసలు తీసుకుంటుంటే మీకు గూడ వర్తిస్తది. కిరాయిలనే కరెంటు కలిసి ఉంటే మాత్రం వర్తించది. ఊర్లె ఉన్నోళ్లు జర వాళ్లకు చెప్పున్రి.

ఇప్పుడు మన లెక్క. ఒక ఇంట్ల నాలుగు రూములు, ఒక్కటే మీటరు, ఒక్కో రూముకు నెలకు 80 యూనిట్లు అనుకుందాం. మొత్తం 320. తెలంగాణల 2022-23ల వచ్చిన ఇండ్ల రేట్లు చూస్తె మొదటి 200కు 5.10, తర్వాతి 100కు 7.70, ఆ పైన 20కి 9 రూపాయలు. మొత్తం 1,970. అదే రూముకో మీటరుంటె మొదటి 50కి 1.95, తర్వాతి 30కి 3.10, ఒక్కో రూముకు 190 రూపాయల 50 పైసలు. నాలుగిటికి 762. ఇవి యూనిట్ల పైసలే, మిగిలిన చార్జీలు వేరే. ఓనరు యూనిట్‌కు 10 రూపాయలు గుంజితె 3,200 వస్తయి. కంపెనీకి కట్టంగ 1,230 ఆయన జేబుల. తెల్ల రేషన్ కార్డుకు 200 యూనిట్ల దాక ఉచితం అన్న గృహజ్యోతి గూడ ఆ ఉమ్మడి మీటరు కాడనే ఆగిపోతది.

మనకు చట్టం లేదా? ఉన్నది. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఓనరే గాదు, అండ్ల ఉంటున్నోడు గూడ కనెక్షన్ అడగొచ్చు. ఓనరు ఒప్పుకోలేదన్న ఒక్క సాకుతోని కిరాయిదారుకు కరెంటు ఆపొద్దని 2022ల సుప్రీంకోర్టు గూడ చెప్పింది. గని కొన్నరేటుకే అమ్మాలె అన్న మాట అక్కడి రూలంత సూటిగ మన కిరాయి రూములల్ల వినబడది. దాన్ని మనం అడిగి తెచ్చుకోవాలె. ప్రభుత్వాలు సాయం ప్రకటించినప్పుడు మీటరును గాదు, దాని ఎనుక బతికే మనుషులను లెక్క పెట్టాలె.

అంతదాక చేతిల ఉన్న పని ఒకటున్నది. ఈ నెల ఓనరు కరెంటు పైసలు అడిగినప్పుడు మర్యాదగనే అనున్రి: "అన్నా, అసలు బిల్లు ఒక్కసారి చూపియ్యే." ఒక్కలు అడిగితె కోపం చేస్తడు. నాలుగు రూములోళ్లు కలిసి అడిగితె లెక్క చెప్తడు.