ఉరుమి మోగితే కాలు ఆగదు

ఒట్టన్‌చత్రం అంటే అందరికీ కూరగాయల మార్కెట్టే గుర్తుకొస్తుంది. మునక్కాయ, టమాటా, వంకాయ లారీలకెక్కి కేరళ దాకా పోయేది ఇక్కడి నుంచే. ఆ మార్కెట్టులో మూటలు మోసే వాళ్లలోనూ, చుట్టుపక్కల నూలు మిల్లుల్లో నైట్ షిఫ్టు చేసే వాళ్లలోనూ ఒక మేళం ఉందని మాత్రం చానామందికి తెలియదు. అది మా ఊరి దేవరాట్టం మేళం. దాని గురించి నాలుగు మాటలు రాస్తా ఉండాను.

నేను వేడసందూరు పక్కన ఒక మిల్లులో ముప్పై నాలుగేండ్లు రింగ్ ఫ్రేమ్ దగ్గర నిలబడి రిటైరైన మనిషిని. చదివింది ఐదో తరగతి, అదీ తమిళంలో. తెలుగు మాట ఇంట్లో వచ్చింది, తెలుగు అక్షరం మిల్లులో వచ్చింది. నెల్లూరు పక్కనుంచి వచ్చిన ఫిట్టరు ఒకాయన టీ టైములో బాబిన్ పెట్టె మీద సుద్దముక్కతో రాసి నేర్పించినాడు. తప్పులుంటే మన్నించండి.

మేము రాజకంబళం నాయకర్లం. మా దేవత జక్కమ్మ. దేవరాట్టం మా వాళ్ల ఆట. కట్టబొమ్మన వంశం వాళ్లున్న కోడంగిపట్టి ఈ ఆటకు పేరుపడిన ఊరు. పూర్వం రాజులు యుద్ధం గెలిచి వస్తుంటే రథానికి ముందూ వెనకా ఆడిన ఆటే ఇట్లా వచ్చిందని పెద్దలు చెప్తారు. ఇందులో పాట లేదు. తలపాగా చుట్టి, కాళ్లకు గజ్జెలు కట్టి, చేతిలో గుడ్డ పట్టుకుని, ఉరుమి దెబ్బకు అడుగు వెయ్యడమే. ముందు నిలబడే మనిషి ఒక అడుగు వేసి చూపిస్తాడు, వెనక వాళ్లందరూ అదే పట్టుకుంటారు. ముప్పై రెండు అడుగులని లెక్క. నోటితో చెప్పి నేర్పించేది కాదు, చూసి పట్టాల.

ఉరుమి చూడని వాళ్లకు చెప్తాను. నడుము సన్నంగా, రెండు పక్కలా తోలు. ఒక పక్క పుల్లతో కొడతారు. ఇంకో పక్క కొట్టరు, వంపు పుల్లతో తోలును రుద్దుతారు. అప్పుడు అది ఆవు మూలిగినట్టు మూలుగుతుంది. మెషీన్ల చప్పుడుకు నా చెవులు సగం పోయినాయి. భార్య పిలిస్తే వినపడదు. ఉరుమి మూలుగు మాత్రం కాళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు మా మేళంలో ఉన్న వాళ్ల గురించి. ఉరుమి కొట్టేది మా మామ. వయసు డెబ్బై దాటింది. కార్డింగులో పని చేసిన మనిషి, దూది దుమ్ముకు దగ్గు పట్టుకుంది, ఉరుమి పట్టుకుంటే మాత్రం దగ్గడు. ముందడుగు వేసేది మా బావ. పొద్దున మూడు గంటలకు మార్కెట్టులో మూటలెత్తి, పదికి ఇంటికొచ్చి పడుకుని, సాయంత్రం గజ్జె కడతాడు. తప్పు కొట్టేది మా తమ్ముడి కొడుకు, కోన్ వైండింగులో ఉండాడు. ఆడేవాళ్లు తొమ్మిది మంది. అందులో ఆరుగురు మిల్లు పిల్లలు, మూడు మిల్లులు, మూడు షిఫ్టులు. ఒకడికి లీవు దొరికితే ఇంకొకడు డ్యూటీలో ఉంటాడు. అందుకే మా వాళ్లు కొన్ని రోజులు సగం రాత్రి ఒంటి గంటకు షిఫ్టు దిగినాక, గుడి ముందర వీధి దీపం కింద అడుగులు వేస్తారు. కుక్కలు మొరుగుతాయి, పక్కింటి వాళ్లు తిడతారు. అయినా వేస్తారు.

పోయిన పొంగలి పండగకు జరిగింది చెప్తాను. గుడి ముందర ఆట మొదలయింది. పది పన్నెండు అడుగులు అయినాయి. ఉన్నట్టుండి ఉరుమి మూలుగు ఆగిపోయింది. చూస్తే మామ కుడి చేయి వణుకుతా ఉండాది, పుల్ల కింద పడింది. ఆడేవాళ్లు ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలిచిపోయినారు. ఊరంతా మౌనం.

అప్పుడు మామ మనవరాలు వచ్చి పుల్ల తీసుకుంది. పదహారేండ్ల పిల్ల. తండ్రి తిరుప్పూరులో బనియన్ కంపెనీకి పోతే తాత దగ్గరే పెరిగింది. రోజూ చూసి చూసి నేర్చుకుంది, నేర్పించమని ఎవరినీ అడగలేదు. మా ఆటలో ఆడేది, కొట్టేది మగవాళ్లే. ఆడవాళ్లకు కుమ్మి ఉండాది. అంతకు ముందు ఏడాది ఆ పిల్ల ఉరుమి ముట్టుకుంటే "ఇది ఆడపిల్ల పని కాదమ్మా" అని ఆపింది ఎవరో కాదు, నేనే.

ఆ పొద్దు ఆమె ఉరుమి మెడకు తగిలించుకుని రుద్దింది. మొదట గొంతు సరిగా రాలేదు. పెద్దలు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. అందరూ మా బావ వైపు చూసినారు. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. తరువాతి అడుగు వేసినాడు, అంతే. వెనక ఎనిమిది మంది పట్టుకున్నారు. ముప్పై రెండూ పూర్తయినాయి.

దాంతో గొడవ తీరిందనుకోకండి. ఇద్దరు పెద్దలు మేళంతో మాట మానేసినారు. ఇంటికి పోయినాక నేనూ గొణిగినాను. నా భార్య అన్నం పెడతా అనింది: "విరుపాక్షి ఎంత దూరం? పళని బస్సెక్కితే వచ్చేస్తుంది. వేలు నాచ్చియారు రాజ్యం పోయి వస్తే, విరుపాక్షి గోపాల నాయకరు చోటిచ్చి కాపాడినాడు. ఆమె సైన్యం కూడగట్టి 1780లో శివగంగ తిరిగి గెలిచింది. తెల్లవాళ్లతో పోరాడినందుకు ఆ గోపాల నాయకర్ని 1801లో ఉరితీసినారు. ఏటేటా ఆయన గొప్ప చెప్పుకుంటారే, కత్తి పట్టిన ఆడమనిషికి ఆయన చోటిచ్చినాడు, పుల్ల పట్టిన పిల్లకు మీరు ఇయ్యలేరా?" నాకు జవాబు దొరకలేదు.

ఇంకో సంగతి చెప్పాల. నాకు ఇరవై రెండేండ్లప్పుడు మామ నన్ను పిలిచి ఉరుమి నేర్చుకోరా అన్నాడు. నాకు ఓవర్‌టైం దొరికింది. రేపు, ఎల్లుండి అన్నాను. ముప్పై నాలుగేండ్లు అట్లనే పోయినాయి. నేను వద్దనుకున్నదాన్ని ఆ పిల్ల అడగకుండా తీసుకుంది. ఆమెను ఆపే హక్కు నాకెక్కడిది?

మొన్న మనవడు ఫోనులో ఒక అమెరికా మేళం చూపించినాడు. బ్లూగ్రాస్ అంటారంట. బ్యాంజో అని గుండ్రటి తీగె వాయిద్యం, పక్కనే ఫిడేలు. దాంట్లో పేరుమోసిన ఎర్ల్ స్క్రగ్స్ నార్త్ కరోలినాలో యుద్ధకాలంలో దారం మిల్లులో పని చేసినాడని, 1945లో బిల్ మన్రో మేళంలో చేరినాడని మనవడు చదివి చెప్పినాడు. మూడు వేళ్లతో ఆయన మీటిన తీరునే ఇప్పుడు లోకమంతా నేర్చుకుంటా ఉండారంట. నేను ఆ వేళ్లనే చూస్తా కూచున్నాను. తెగిన నూలు అతికే వేళ్లకు తాళం తెలియకుండా పోదు.

మామ చెయ్యి ఇంకా బాగు కాలేదు. ఇప్పుడు తిన్నె మీద కూచుని మనవరాలు రుద్దేది వింటాడు, తప్పయితే కాలితో నేల తడతాడు. ఆ పిల్లకు ఇంకా అన్ని దెబ్బలూ రావు. అన్నీ తెలిసిన మనిషి ఒక్కడే, ఆయనకు డెబ్బై దాటింది.

అందుకే మీకు ఒక మనవి. మా పక్క మిల్లుల్లో పని చేసే అన్నదమ్ములారా, మేళం పిల్లవాడు షిఫ్టు మార్చుకుంటానని అడిగితే కాదనకండి. ఒక్క రోజు మీరు నిలబడితే అక్కడ ఒక అడుగు నిలబడుతుంది. నేర్చుకుంటామనే పిల్లలుంటే, మగపిల్లలయినా ఆడపిల్లలయినా, ఆదివారం సాయంత్రం మా గుడి దగ్గరికి పంపండి. కాఫీ నేను తాపిస్తాను.

నేను కూడా పోతా ఉండాను. అరవై ఏడేండ్లకు, ఆ పిల్ల పక్కన కూచుని, వంపు పుల్ల ఎట్లా పట్టుకోవాలో నేర్చుకుంటా ఉండాను. "తాతా, అంత గట్టిగా అదమొద్దు" అంటుంది. సరేనమ్మా అంటాను.